సవరణ: క్రామర్ 10,000 మీటర్ల సంగతి

నెదర్లాండ్స్ స్పీడ్ స్కేటర్ స్వెన్ క్రామర్ 2010, 2014, 2018 ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లతో పాటు 10,000 మీటర్ల స్వర్ణం కూడా గెలిచాడని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. అధికారిక ఫలితాల ప్రకారం ఆ మూడూ 5,000 మీటర్లవే, 10,000లో ఒక్క స్వర్ణమూ లేదు.

2010 వాంకూవర్‌లో మాత్రం నోటిదాకా వచ్చింది. 12 నిమిషాల 54.50 సెకన్లలో, అందరికంటే వేగంగా ముగించాడు. కానీ మధ్యలో, బయటి లేన్‌లోకి వెళ్తున్నవాణ్ణి కోచ్ గెరార్డ్ కెంకెర్స్ పొరపాటున లోపలి లేన్‌లోకి పొమ్మన్నాడు. ఇంకేముంది, డిస్‌క్వాలిఫై! విషయం తెలియగానే క్రామర్ కళ్లద్దాలు విసిరికొట్టాడు, కొట్టడా మరి! నాలుగు సెకన్లు వెనకున్న కొరియా స్కేటర్ లీ సుంగ్-హూన్‌కి స్వర్ణం దక్కింది. ఆ దూరంలో క్రామర్‌కి 2014లో రజతం, 2018లో ఆరో స్థానం.