యురేథేన్: ఇంజెక్షన్‌లో ఎవరూ లెక్కపెట్టని ద్రవం

యురేథేన్ అనే రసాయనం చిట్టెలుకల ఊపిరితిత్తుల్లో కణితులు పుట్టిస్తుందని 1943లోనే తెలిసింది. రేడియేషన్ ప్రయోగాలు చేస్తూ ఎలుకలకు మత్తు కోసం దాన్ని ఇచ్చిన నెటిల్‌షిప్, హెన్‌షా అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఆ సంగతి గమనించి ప్రచురించారు. అయినా ఆ తర్వాత మరో ముప్పై ఏళ్ల దాకా అది మనుషుల ఒంట్లోకి వెళుతూనే ఉంది.

దీని అసలు పేరు ఇథైల్ కార్బమేట్. తెల్లటి స్ఫటికాలు, నీళ్లలో ఇట్టే కరిగిపోతాయి. సోఫాల్లో, పరుపుల్లో ఉండే పాలీయురేథేన్ ఫోమ్ వేరు. దాన్ని ఐసోసైనేట్, పాలియాల్ అనే వేరే రసాయనాలు కలిపి చేస్తారు, యురేథేన్‌తో కాదు. కాబట్టి పరుపు గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఒంట్లోకి వెళ్లిన యురేథేన్‌లో చాలా భాగం ఆల్కహాల్, అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోయి పోతుంది. చిక్కంతా మిగిలిన కొద్ది భాగంతోనే. సిప్‌2ఇ1 అనే ఎంజైమ్ దాన్ని వినైల్ కార్బమేట్‌గా, ఆపైన ఎపాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ ఎపాక్సైడ్ డీఎన్ఏకు అతుక్కుని జన్యు సమాచారంలో తప్పులు తెస్తుంది. అంటే యురేథేన్‌ను క్యాన్సర్ కారకంగా మార్చేది మన శరీరమే.

1946లో బ్రిటన్ వైద్యులు దీన్ని ల్యుకేమియా (తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరిగే రక్త క్యాన్సర్) రోగులకు ఇచ్చి చూశారు. తెల్ల రక్తకణాలు తగ్గాయి. అప్పటికి వేరే దారి పెద్దగా లేదు, అందుకే వాళ్లను నేను తప్పుపట్టను. మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌కు కూడా వాడటం మొదలైంది. అక్కడ మాత్రం సరైన పరీక్ష జరగడానికి 1966 దాకా పట్టింది. అమెరికాలో 83 మంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు యురేథేన్, రెండో గుంపుకు చెర్రీ, కోలా రుచి కలిపిన ఉత్త సిరప్ ఇచ్చారు. ఉత్త సిరప్ తాగినవాళ్లే ఎక్కువ కాలం బతికారు. నమ్మకంతో వాడిన మందే ఆయుష్షు తగ్గించింది!

నాకు అసలు కోపం తెప్పించేది జపాన్‌లో జరిగింది. నీళ్లలో కరగని నొప్పి మందులను ఇంజెక్షన్‌గా ఇవ్వడానికి అక్కడ 1950 నుంచి యురేథేన్‌ను ద్రావకంగా కలిపారు. అది రోగానికి మందు కాదు, మందును కరిగించే సాధనం మాత్రమే. అందుకే దాని విషం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన తైసే నొమురా 1975లో ఈ విషయాన్ని ఒక పరిశోధన పత్రంలో బయటపెట్టారు. ఆ ఏడాదే ఆ వాడకం ఆగింది. ల్యుకేమియా రోగికి కనీసం ఒక ఆశ ఉంది. నొప్పి తగ్గించుకోవడానికి సూది వేయించుకున్న మనిషికి ఆ ద్రావకం వల్ల ఒరిగింది ఏమిటి?

ఎవరూ కలపకుండా కూడా యురేథేన్ పుడుతుంది. పులియబెట్టేటప్పుడు ఈస్ట్ వదిలే యూరియా, ఆల్కహాల్‌తో కలిసి నెమ్మదిగా ఇదే పదార్థంగా మారుతుంది. వేడి తగిలితే ఇంకా వేగంగా. చెర్రీ, ప్లమ్ లాంటి టెంక ఉన్న పండ్ల బ్రాందీల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే టెంకలోని సైనైడ్ కూడా తోడవుతుంది. కెనడా 1985లోనే వైన్‌కు లీటరుకు సుమారు 30 మైక్రోగ్రాములు, పండ్ల బ్రాందీకి 400 అని పరిమితి పెట్టింది. 2007లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 'మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బాగా ఉన్న' 2ఎ వర్గంలో చేర్చింది.

ద్రావకాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం పాత కథ కాదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ సిరప్‌లో తేలిన డైఇథైలిన్ గ్లైకాల్‌కు, యురేథేన్‌కు రసాయనికంగా సంబంధం లేదు. కానీ నిర్లక్ష్యం ఒకటే. అక్కడ కూడా చంపింది మందు కాదు, మందును మోసే ద్రవంలోని విషం. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు కూడా ఆ సిరప్ వాడొద్దని అప్పట్లో హెచ్చరించారు. హెచ్చరికలు సీసా ఇంటికి చేరాక వస్తే లాభం లేదు. మందులో కలిపే ప్రతి ద్రావకాన్ని, ప్రతి డ్రమ్ము నుంచి నమూనా తీసి, మందుకు చేసినంత గట్టిగా పరీక్షించాలి. ఆ ద్రావకం పేరు లేబుల్ మీద కొనేవాళ్లు చదవగలిగే అక్షరాల్లో ఉండాలి.