లాంబ్డా గారూ, ఉన్నారా, లేరా?

మహారాజశ్రీ విశ్వ స్థిరాంకం లాంబ్డా గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అనడం మర్యాద. మీకేం, విశ్వమంతా సమానంగా పరుచుకుని కుశలంగానే ఉన్నారు. బాగాలేనిది నాకే. నిన్న మీ మూలంగా మా సెమినార్ సాయంత్రం దాకా సాగి, క్యాంటీన్ మూసేశారు.

విశ్వం కదలకుండా ఉండాలని 1917లో ఐన్‌స్టీన్ తన గురుత్వ సమీకరణంలోకి ఒక అదనపు సంఖ్యగా పిలిస్తే వచ్చారు. అది కదులుతోందని తేలాక ఆయనే పొమ్మన్నాడు. 1998లో సూపర్‌నోవాలు, అంటే పేలే నక్షత్రాలు, విశ్వం వ్యాకోచం వేగం పుంజుకుంటోందని చూపించిన పుణ్యమా అని మళ్ళీ దిగారు. సంతోషం. క్వాంటం సిద్ధాంతం చెప్పే విలువకీ మీ అసలు విలువకీ దాదాపు 120 సున్నాల తేడా అన్నారు. సరే, దానికీ సర్దుకున్నాం.

నా బాధల్లా కాంతి వంపు గురించే. సూర్యుడి అంచు పక్కనుంచి వచ్చే కాంతి ఆయన గురుత్వానికి 1.75 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగుతుంది. 1919 గ్రహణం నాటి నుంచీ ఇది తెలిసిందే. ఇలాంటి వంపులో తమరి వాటా ఎంతండీ? మిమ్మల్నీ ద్రవ్యరాశినీ భౌతిక శాస్త్రవేత్త కోట్లర్ 1918లోనే ఐన్‌స్టీన్ సమీకరణాల ఒకే పరిష్కారంలో కూర్చోబెట్టాడు. అందులోంచి కాంతి దారిని రాబడితే మీరు ఓ మూల ఉత్త స్థిరసంఖ్యగా నిలబడతారు. ఒక్కసారి డిఫరెన్షియేట్ చేస్తే మాయం! 1983లో జమాల్ నజ్రుల్ ఇస్లాం అనే భౌతిక శాస్త్రవేత్త ఈ సంగతి చూపించాక, వంపుతో మీకు సంబంధం లేదని దాదాపు పాతికేళ్ళు చాలామంది హాయిగా ఉన్నారు.

2007లో రిండ్లర్, ఇషాక్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు వచ్చారు. దారి సమీకరణంలో లేకపోతేనేం, కోణం కొలవాలంటే మెట్రిక్, అంటే స్థలకాలంలో దూరాలూ కోణాలూ కొలిచే సూత్రం, కావాలి, అందులో ఈయన ఉన్నాడుగా అన్నారు. పైగా మీరు వంపుని తగ్గిస్తారట. పెళ్ళికి రానని కబురు పంపి, బంతిలో మొదటి విస్తరి ముందు కూర్చునే పెద్దమనిషి మీరేనన్నమాట.

మీరు లేకపోతే చాలా దూరం వెళ్ళి నిలబడి కొలుస్తాం. అక్కడ స్థలం చదునుగా ఉంటుంది. మీరుంటే ఆ చదును ఎక్కడుంది? దూరం పోయేకొద్దీ మీ ప్రభావమే పెరుగుతుంది. సుమారు 1700 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గర ఏకంగా, అవతలి కాంతి మనదాకా రాలేని హద్దే గీశారు. మాలో విశ్వశాస్త్రం వాళ్ళేమో, ఆయన వాటా దూరాల లెక్కలో ఎప్పుడో కలిపేశాం, రెండోసారి కలపకండి అంటారు. చూసేవాడు కదలకుండా ఉంటే ఒక కోణం, విశ్వంతో పాటు సాగిపోతుంటే ఇంకో కోణం. ఏ కోణమని అడిగితే, ముందు నువ్వెవరో చెప్పు అంటారు!

ఇంత గొడవ చేసి, భూమికీ సూర్యుడికీ మధ్య దూరంలో తమరి లెక్క ఎంతయ్యా అంటే దశాంశ బిందువు తర్వాత ముప్పై సున్నాలు. ఏ టెలిస్కోపుకీ ఆనరు. సిగ్గుండాలి.

నిన్న ఒకాయన బోర్డు మీద మిమ్మల్ని కొట్టేశాడు. ఇంకొకాయన లేచి మళ్ళీ రాశాడు. ఇద్దరి లెక్కా సరైనదే, నాకు ఒళ్ళు మండేదీ అందుకే. తప్పయితే డస్టర్ ఉంది కదా.

చివరిగా ఒక్క విన్నపం. నా థీసిస్ మూడో అధ్యాయంలో కొట్టుడు పోయాక, దయచేసి ఐదో అధ్యాయంలో తేలకండి.

ఇట్లు,
మీ పేరు చెప్పుకుని ఫెలోషిప్ తీసుకుంటున్న
విధేయుడు