ముందు ఆ సైకిలు మీద కేసు పెట్టండి

విశాఖ బీచ్ రోడ్డులో అర్ధరాత్రి సైలెన్సర్ పీకేసిన బండ్లు రయ్యిమని పోతుంటే జనం కుర్రాళ్లని తిడతారు. కొంచెం చదువుకున్నవాళ్లయితే సినిమాల్ని తిడతారు. అసలు ముద్దాయి జోలికి మాత్రం ఎవరూ పోరు. దానికి ఇంజిను లేదు, నంబరు ప్లేటు లేదు. ఏమీ ఎరగనట్టు గోడకి ఆనుకుని ఉంటుంది. అదే, చిన్నప్పటి సైకిలు.

నేరంలో ఈ ఊరికీ వాటా ఉంది. కోనసీమలో పిల్లాడు తొక్కితేనే సైకిలు కదులుతుంది, కష్టం విలువ తెలిసొస్తుంది. మన దగ్గర సిరిపురం వైపు నుంచి పాండురంగాపురం డౌన్‌లో వదిలితే చాలు, అదే సముద్రం దాకా తీసుకుపోతుంది. ఉత్తపుణ్యానికి వచ్చిన వేగం రుచి మరిగినవాడు ఇక బాగుపడతాడా? లెక్క చూడండి. ఇరవై మీటర్ల ఎత్తు నుంచి జారితే, గాలీ రాపిడీ అడ్డుపడకపోతే, అడుగుకి చేరేసరికి గంటకి దాదాపు 71 కిలోమీటర్లు. ఊళ్లో మోటారు సైకిలుకే కేంద్రం 2018లో 60 దాటొద్దంది. గాలి దయవల్ల పిల్లలెవరూ అంత దూరం రారనుకోండి. కానీ వాళ్ల ఉద్దేశం?

ఇక శిక్షణ. సీటు అందని వయసులోనే నాన్న సైకిలు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి దొంగ తొక్కుడు మొదలు. కుడి చంకలో సీటు, ఎడమ చేతిలో హ్యాండిలు, ఒళ్లంతా ఒక పక్కకి. పెడలు సగం కిందికి, మళ్లీ పైకి, టకటకమని. చువ్వల మధ్య పేకముక్క గుచ్చితే వచ్చే టరటర చప్పుడే సైలెన్సర్ పీకుడికి ఒకటో తరగతి. బ్రేకు రబ్బర్లు అరిగిపోతే హవాయి చెప్పు టైరుకి రాసి ఆపడం. స్పీడు గన్‌లు లేని ఆ రోజుల్లో సాక్ష్యం ఆ చెప్పే. మడమ దగ్గర పలచబడిందంటే అమ్మకి సంగతి తెలిసిపోయేది. "ఒరే గుంటడా, మళ్లీ డౌన్‌కి ఎల్లావా?"

అంతకన్నా ఘోరం స్వేచ్ఛ. పెదవాల్తేరులో కొత్తిమీర కట్ట తెమ్మంటే లాసన్స్ బే చుట్టి వచ్చేవాళ్లు. కట్ట వాడిపోయేది, ముఖం మాత్రం వెలిగిపోయేది. ఆ మధ్య పిల్లాడు ఎక్కడున్నాడో ఏ ఫోనూ చెప్పలేదు. అలాంటి చెడు సావాసం ఊరికే పోతుందా? ఆ పిల్లాడికి ఇప్పుడు బట్టతల, ఇంటి లోను, బీపీ. ఆదివారం పొద్దున్నే మాత్ర వేసుకుని బుల్లెట్ తీసి భీమిలి రోడ్డెక్కుతాడు. తెన్నేటి పార్కు దాటగానే ఆఫీసులో ఎవరూ చూడని నవ్వొకటి ముఖం మీదికొస్తుంది. వెనక సీట్లోంచి "ఏవండీ, నెమ్మది" అన్నది గాలిలో కలిసిపోతుంది. వినపడనట్టు నటించడం కూడా సైకిలు నేర్పిన విద్యే.

అదృష్టం కొద్దీ ఈ తండ్రే ఇప్పుడు కళ్లు తెరిచాడు. కొడుక్కి సైకిలు కొన్నాడు గానీ మధురవాడ అపార్టుమెంటు సెల్లార్ దాటనివ్వడు. లిఫ్టు దగ్గర బయల్దేరి నీళ్ల మోటారు దగ్గర యూ టర్ను, కాపలాకి వాచ్‌మన్. బడికి వ్యాను. మోకాలి మీద పుండు అంటే ఏమిటో ఆ తరానికి తెలీదు. ఇంటర్ కాగానే, బ్రేకు ఎక్కడ వేయాలో చెప్పుకి గానీ కాలికి గానీ తెలియని ఆ బుద్ధిమంతుడి చేతికి 200 సీసీ బండి తాళాలు. వేగానికీ వాడికీ అదే తొలి పరిచయం.

చట్టం మరీ విడ్డూరం. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి పట్టుబడితే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. కన్నతండ్రి బోనులో, సైకిలు బయట!

కాబట్టి ప్రభుత్వం వెంటనే విచారణ సంఘం వేయాలి, కుదిరితే ఊళ్లోని డౌన్‌లన్నీ చదును చేయాలి. ఒక్క మనవి. సంఘంలో విశాఖలో పుట్టిపెరిగినవాళ్లని వేయకండి. స్థల పరిశీలనకని సైకిలు మీద కిందికి వెళ్లి, ఇంకోసారి పైనుంచి పరిశీలించాలని ఫైలు మీద రాసుకొస్తారు.