రింగ్ అవ్వకముందే రేటు చెప్పండి

పొద్దున్న మా నాన్న ఏటీఎం కార్డు మెషీన్‌లో ఇరుక్కుపోయింది. కార్డు బ్లాక్ చేయించాలని పాస్‌బుక్ మీదున్న, 1860తో మొదలయ్యే బ్యాంకు నంబర్‌కి చేస్తే బ్యాలెన్స్ లేదంటోంది. మొన్ననేగా నేను అన్‌లిమిటెడ్ వేయించింది! "ఏరా, ఎన్ని కాల్స్ అయినా ఫ్రీ అన్నావు కదా" అని ఆయన అడుగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

1800 అయితే ఫ్రీ, 1860 అయితే మనకే చార్జీ, చాలా ప్యాకుల్లో అది అన్‌లిమిటెడ్ కిందకి రాదు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, డెబ్భై ఏళ్ళాయనకి ఆ తేడా ఎలా తెలుస్తుందండీ? సరే అని 20 రూపాయల టాపప్ వేశా, టాక్‌టైమ్ వచ్చింది 14.95. ఇక తెలుగు కోసం ఒకటి నొక్కు, కార్డు నంబర్ పదహారు అంకెలూ కొట్టు, లైన్లో ఉండు, మధ్యలో లోన్ కావాలా అని ప్రకటన, ఆ ప్రకటన వింటున్నందుకు కూడా డబ్బులు మనవే! మనిషి లైన్లోకి వచ్చేలోపే కాల్ కట్టయింది. కార్డు మెషీన్‌లో ఉంది, ఖాతాలో పెన్షన్ ఉంది, ఆయన చేతులు వణుకుతున్నాయి. తర్వాత వెతికితే అదే బ్యాంకుకి 1800 నంబర్ కూడా ఉంది, వెబ్‌సైట్‌లో అడుగున ఎక్కడో. అది పాస్‌బుక్ మీద వెయ్యడానికి ఏమైంది?

కాల్ కలిసేముందే రేటు చెప్పడం కుదరదు అంటే నేను ఒప్పుకోను. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో సెల్ నంబర్‌కి ముందు సున్నా కొట్టాలని రూల్ పెట్టారు, కొత్త మొబైల్ నంబర్లకి చోటు కావాలని. సున్నా మర్చిపోతే వెంటనే వాయిస్ వచ్చి చెప్పేది, మా అమ్మ రెండ్రోజుల్లో అలవాటు పడిపోయింది. సున్నా కొట్టమని చెప్పగలిగినవాళ్ళు "ఈ కాల్‌కి నిమిషానికి ఇంత పడుతుంది" అని ఒక్క ముక్క చెప్పలేరా?

ఎస్టీడీ బూత్ రోజులు గుర్తున్నాయా? ఎదురుగా మీటర్, ఎర్ర అంకెలు తిరుగుతుంటే చూసుకుంటూ మాట్లాడేవాళ్ళం, జేబులో ఎంతుందో అంతవరకే మాట్లాడి పెట్టేసేవాళ్ళం, బయటికొస్తే బిల్లు చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు చేతిలో అంత పెద్ద స్క్రీన్ ఉంది, కాల్ అయ్యేదాకా రేటు కనపడదు.

అసలు నాకు ఎప్పటినుంచో ఉన్న కడుపుమంట వేరే. నాన్నది బటన్ ఫోన్. ఏళ్ళ తరబడి ఆయనతో డేటా ప్యాక్ కొనిపించారు, ఒక్క ఎంబీ వాడకుండా. కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లకి విడిగా ప్యాక్ ఇవ్వాలని ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్ 2024 డిసెంబర్‌లో ఆర్డర్ ఇచ్చాకే అవి వచ్చాయి. అవి ఉన్నాయని కూడా రీచార్జ్ షాపులో ఎవరూ చెప్పరు, నేను గట్టిగా అడిగితే తీశాడు. అన్నాళ్ళూ కట్టిన డబ్బు ఎవరిస్తారు?

చివరికి మధ్యాహ్నం 1800కి చేసి కార్డు బ్లాక్ చేయించాం. పాస్‌బుక్ మీద ఆ 1860ని పెన్నుతో కొట్టేసి, పక్కన ఫ్రీ నంబర్ పెద్ద అంకెలతో రాసిచ్చా. మీ ఇంట్లో పెద్దవాళ్ళ పాస్‌బుక్ కూడా ఈరోజే ఒకసారి తీసి చూడండి.