కేజీఎఫ్ దిబ్బల్లో లక్షల కోట్లు లేవు, దయచేసి ఆ మెసేజ్ ఆపండి

బెంగళూరులో మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. చైనా రేర్ ఎర్త్స్ (మాగ్నెట్లకీ, ఎలక్ట్రానిక్స్‌కీ కావాల్సిన కొన్ని లోహాలు) పంపడం ఆపేసినా భయం లేదట, పక్కనే కేజీఎఫ్ (కోలార్ బంగారు గనులు) వ్యర్థాల దిబ్బల్లో, ఒడిశాలో అల్యూమినియం పరిశ్రమ వదిలే రెడ్ మడ్ చెరువుల్లో లక్షల కోట్ల సరుకు ఉందట, ఎప్పుడో తవ్వేసింది కాబట్టి ఖర్చూ కాలుష్యమూ ఉండవట, ప్రభుత్వం కావాలనే వదిలేసిందట. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు కూడా పంపుతున్నారు కాబట్టి చెప్పక తప్పట్లేదు.

చైనా మొత్తం ఆపేయలేదు. 2025 ఏప్రిల్‌లో డిస్ప్రోసియం, టెర్బియం, సమేరియం లాంటి 7 మూలకాలకీ, వాటితో చేసే మాగ్నెట్లకీ లైసెన్స్ తప్పనిసరి చేసింది. ఇబ్బంది నిజమే, నిషేధం మాత్రం కాదు.

కేజీఎఫ్ సంగతి. 2001లో గనులు మూతపడ్డాక దాదాపు 3.3 కోట్ల టన్నుల వ్యర్థం మిగిలింది. 13 దిబ్బల్ని మళ్ళీ తవ్వడానికి 2024 జూన్‌లో కర్ణాటక కేబినెట్ ఒప్పుకుంది కూడా, కానీ అది బంగారం కోసం. అక్కడి బంగారం క్వార్ట్జ్ రాయిలోది, రేర్ ఎర్త్స్‌కి పేరున్న మోనజైట్ లాంటి ఖనిజాలు వేరు. ఆ దిబ్బల గురించి మాట్లాడాలంటే బంగారం తీయడానికి వాడి, ఇప్పుడు గాలికి ఊరి మీద పడే సైనైడ్ దుమ్ము గురించి మాట్లాడండి, అక్కడ మనుషులు బతుకుతున్నారు.

రెడ్ మడ్‌లో రేర్ ఎర్త్స్ ఉన్న మాట నిజం. బాక్సైట్ రాయి నుంచి అల్యూమినా (అల్యూమినియం ముడిసరుకు) తీశాక మిగిలే ఆ ఎర్ర బురదలో, బాగా ఉన్నచోట కూడా టన్నుకి కిలో అటూ ఇటూ, అందులో పెద్ద వాటా చవకగా దొరికే సీరియం, లాంథనమే. "చైనా అంతకంటే తక్కువున్న మట్టి నుంచి కూడా తీస్తోందిగా" అంటారు. అవును, తీస్తోంది, ఎందుకంటే దక్షిణ చైనా బంకమట్టిలో అవి రేణువుల పైపైన అంటుకుని ఉంటాయి, అమ్మోనియం సల్ఫేట్ నీళ్ళు పోస్తే ఊడి వచ్చేస్తాయి. రెడ్ మడ్‌లో ఇనుము, టైటానియం ఖనిజాల లోపల ఇరుక్కుని ఉంటాయి, పైగా అది బాగా క్షార గుణం ఉన్న బురద. పోసిన యాసిడ్‌లో చాలా భాగం ఆ క్షారాన్ని చంపడానికే పోతుంది, మిగిలినదాంట్లో ఇనుమూ కరిగి వస్తుంది.

ఇక ఖర్చు. తవ్వకం, పిండి చేయడం ఖర్చు కలిసొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అసలు ఖర్చు ఒకేలా ప్రవర్తించే మూలకాల్ని విడదీయడంలో ఉంది, దానికి వరసగా వందల దశల్లో ద్రావణాలు కలిపి వేరు చేయాలి. ప్రపంచంలో ఈ శుద్ధిలో దాదాపు 90 శాతం చైనాలోనే జరుగుతోంది, దాని పట్టు అక్కడుంది.

కాలుష్యం లేదన్న మాటే నాకు బాగా కోపం తెప్పించింది. టన్ను బురద నుంచి కిలో తీస్తే దాదాపు టన్ను బురద అక్కడే ఉంటుంది, ఈసారి వాడిన యాసిడ్ కూడా తోడై. 2010లో హంగరీలోని అయ్‌కాలో రెడ్ మడ్ కట్ట తెగి 10 మంది చనిపోయారు.

వ్యర్థం నుంచి తీయడమే తప్పని నేననట్లేదు. కెనడాలో రియో టింటో 2022 నుంచి టైటానియం ప్లాంట్ వ్యర్థంలోంచి స్కాండియం అనే రేర్ ఎర్త్ తీస్తోంది, పాత దిబ్బలు తవ్వి కాదు, ప్లాంట్‌లోంచి ఎలాగూ బయటికొచ్చే వ్యర్థ ద్రవం నుంచి. మన విశాఖ, పారాదీప్ ఎరువుల ఫ్యాక్టరీల్లో రాక్ ఫాస్ఫేట్‌ని రోజూ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగిస్తున్నారు, ఆ రాయిలోని రేర్ ఎర్త్స్‌లో ఎక్కువ భాగం, వ్యర్థంగా మిగిలే జిప్సంతో పాటు గుట్టల్లోకి పోతోంది. వెతకాలంటే అక్కడ వెతకాలి, గుట్టలోకి చేరకముందే.