మూలపడ్డ బండి అరగంటలో రోడ్డెక్కదు

ఎన్నేళ్లు మూలపడ్డ బైక్‌నైనా అరగంటలో రోడ్డెక్కించవచ్చని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ట్యాంకులోని పాత పెట్రోల్ మీదే రెండు లీటర్లు కొత్తది పోయమంటుంది. బ్యాటరీ చచ్చిపోతే కారు బ్యాటరీకి వైర్లు తగిలించి జంప్ ఇవ్వమంటుంది. కిక్ రాడ్ దిగకపోతే మూడో గేర్‌లో తోయమంటుంది. స్టార్ట్ కాగానే యాక్సిలరేటర్ తిప్పి గట్టిగా రేజ్ చేస్తే లోపలి కార్బన్ పోతుందంటుంది. నాలుగూ తప్పే. నమ్మి చేసినవాళ్లు బాగుపడే ఇంజిన్‌ను చేతులారా పాడుచేసుకుంటారు.

ముందు పెట్రోల్ సంగతి. నిల్వ ఉండేకొద్దీ అందులో తేలిగ్గా మండే భాగం ఆవిరైపోతుంది. మిగిలింది కార్బరేటర్‌లో, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగంలో, జిగురులా పేరుకుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. పైన ఎంత కొత్తది పోసినా అడుగున ఉన్నది అక్కడే ఉంటుంది. అందుకే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, లోపల టార్చ్ వేసి తుప్పు చూసుకోవాలి.

ఆరేళ్లు షెడ్డులో ఉన్న మా నాన్న బండి ఫ్లోట్ బౌల్ (కార్బరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) విప్పినప్పుడు, అడుగున తుమ్మజిగురు రంగులో గట్టిపడిన పొర కనిపించింది. పాత వార్నిష్ లాంటి ఘాటు వాసన. పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం ఉండే ఐడిల్ జెట్‌ను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే చుక్కంత వెలుగు కూడా రాలేదు. ఆ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు మరి. క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి, మళ్లీ నానబెట్టి, వెలుగు కనిపించేదాకా వదల్లేదు. ఇనుప తీగతో మాత్రం పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు.

ఇక తోయడం. నాకు అన్నిటికంటే భయం వేసిన సలహా ఇదే. కిక్ రాడ్ దిగడం లేదంటే పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్‌కు అతుక్కుని ఉండొచ్చు. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, సిలిండర్‌లో గీతలు పడతాయి. ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు బండికి సెంటర్ స్టాండ్ వేసి, ప్లగ్ పెట్టకుండానే టాప్ గేర్ వేసి, గాల్లో ఉన్న వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా అటూ ఇటూ కదపండి. కదలకపోతే ఇంకో రెండు రోజులు ఆగండి. తొందరేముంది, బండి ఏళ్ల తరబడి ఆగింది కదా!

ఒకవేళ తోస్తే స్టార్ట్ అయిందే అనుకుందాం. చాలాకాలం కదలని బండిలో క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోతుంటాయి. అప్పుడు క్లచ్ లివర్ నొక్కినా ఇంజిన్ విడిపడదు, బండి ముందుకు దూకుతుంది. పట్టుకుందామంటే ఆ బ్రేకులూ అన్నేళ్లు కదలనివే.

బ్యాటరీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పూర్తి ఛార్జ్‌తో ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. ఏళ్లుగా ఖాళీగా పడున్నదాని ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఉంటుంది. జంప్ ఇచ్చినా ఛార్జ్ నిలవదు, మార్చాల్సిందే.

రేజ్ చేయడం ఇంకా ఘోరం. అన్నేళ్లలో ఆయిల్ మొత్తం కిందికి జారిపోయి, ఇంజిన్ పైభాగమైన హెడ్‌లో వాల్వులను కదిపే క్యామ్, రాకర్లు పొడిగా ఉంటాయి. మళ్లీ ఆయిల్ చిట్టచివర అందేది వాటికే. కార్బన్ ఆ మోతకు రాలిపోదు గానీ, పొడి లోహాలు మాత్రం ఒరుసుకుపోతాయి. ముందే ఇంజిన్ ఆయిల్ మార్చి, ప్లగ్ లేకుండా పది పదిహేను కిక్కులు కొట్టండి. స్టార్ట్ అయ్యాక కాసేపు ఐడిల్‌లోనే ఉంచండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా ముందే విప్పి చూడండి, ఎలుకలకు అది మంచి ఇల్లు.

ఆ మెసేజ్‌లో టైర్ల ఊసే లేదు. టైరు పక్కన DOT అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు టైరు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. మా బండి ముందు టైరు మీద 1411 అని ఉంది, అంటే 2011లో 14వ వారం. గాట్లు నిండుగా ఉన్నాయి, చూస్తే కొత్తదే అనిపిస్తుంది. గాలి తీసి పక్కగోడను బొటనవేలితో నొక్కితే సన్నటి పగుళ్లు వరసగా నోళ్లు తెరిచాయి. రెండు టైర్లూ మార్చాకే బండిని గేటు దాటించాను.