మా పడవ ఏ ముఖం?

మా బావమరిది హైదరాబాదు నుంచి ఫోను చేసి పదకొండోసారి అడిగాడు: "ఇంతకీ మీ ఇల్లు ఏ ముఖం, బావగారూ?" నేనూ పదకొండోసారి ఉన్నమాటే చెప్పాను: "ఈ పూటకు ఆగ్నేయం."

అవతల నిట్టూర్పు. ఎవరైనా పోయారని కబురు వింటే విడిచేలాంటి నిట్టూర్పు.

నాకు డెబ్బై ఒకటి. మా ఆవిడ, నేను తొమ్మిదేళ్లుగా ఇంగ్లండులో గ్రాండ్ యూనియన్ కాలువ మీద నారోబోటు అనే ఇరుకు పడవలో కాపురం ఉంటున్నాం. పొడవు 57 అడుగులు, వెడల్పు ఏడడుగులకు రెండు అంగుళాలు తక్కువ. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు కొన్ని కాలువలకు ఏడడుగుల వెడల్పు లాకులు కట్టాడు, అంటే పడవను ఎగువకూ దిగువకూ దాటించే తలుపుల గదులు. ఆ పుణ్యాన ఈ జాతి పడవలన్నీ నేటికీ పొట్ట బిగబట్టుకునే పుడుతున్నాయి. లోపల మేమిద్దరం ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కుని దారి ఇవ్వాలి. ఇన్నేళ్ల కాపురంలో నేను ఆవిడకు దారి ఇవ్వడం నేర్చుకున్నది ఇక్కడే.

ఇల్లన్నాక ముఖం ఉండాలన్నది మావాళ్ల సిద్ధాంతం. మాకూ ముఖం ఉంది, కాకపోతే అది తిరుగుతుంది. కాలువ వంపు తిరిగితే మా సింహద్వారమూ తిరుగుతుంది. అలాగని కావాల్సిన చోట తిప్పుకోలేం. ఇంత పొడవు పడవను మళ్లించాలంటే గట్టును లోపలికి తవ్వి వెడల్పు చేసిన చోటు రావాలి, అది మైళ్ల దూరంలో ఉండవచ్చు. తీరా అక్కడ తిప్పామా, ఈశాన్యంలో ఉన్న మరుగుదొడ్డి నైరుతికి పోతుంది. నైరుతిలోనూ ఉండకూడదట. ఆ మరుగుదొడ్డి కింద ఒక పెట్టె ఉంటుంది. నిండాక దాన్ని చేత్తో పట్టుకుని, పారబోసే చోటుదాకా గట్టు వెంట మోసుకుపోవాలి. దగ్గర దగ్గర ఇరవై కిలోలు. ఆ బరువుతో, ఈ మోకాళ్లతో నడిచేటప్పుడు ఏ దిక్కుకు తిరిగి నడవాలో మాత్రం ఏ సిద్ధాంతీ చెప్పడు.

ఇంతకీ ఈ బావమరిది ముత్తాత కాకినాడ కాలువలో రాత్రంతా పడవలో పడుకుని తెల్లవారేసరికి ధవళేశ్వరం చేరినవాడే. ఆయన సరంగును లేపి "నాయనా, పడవను కాస్త తూర్పుకు తిప్పు" అని అడిగినట్టు మా ఇళ్లలో ఎవరూ చెప్పగా వినలేదు.

తొమ్మిదేళ్లయినా గృహప్రవేశం చేయలేదని పోయిన నెల అత్తవారి వైపు అలజడి చెలరేగింది. ఫోనులోనే కానిద్దామన్నారు. తెరకు ఒక పక్క బావమరిది, ఇంకో పక్క సిద్ధాంతిగారు. ముందుగా దిక్కు తేల్చాలని మా ఆవిడ ఫోనులోని దిక్సూచి తెరిచింది. మా పడవ ఉక్కు పలకలతో చేసింది. ఆ పలకల మధ్య దిక్సూచి పాపం ఏం చేస్తుంది? ఉత్తరం ఒకసారి బొగ్గు పొయ్యి దగ్గర ఉందంది, నాలుగు అడుగులు వేస్తే కందిపప్పు డబ్బా దగ్గర ఉందంది. "ఇంట్లో రెండు ఉత్తరాలున్నాయి, మంచిది కాదు," అన్నారు సిద్ధాంతిగారు. చివరికి నేను గట్టు మీదికి దిగి, సూర్యుణ్ణి చూసి, ద్వారం ఆగ్నేయమని నిర్ధారించాను. శాంతి చేయాలన్నారు. సరే, ముందు పాలు పొంగించమన్నారు. పాలు తూర్పుకు పొంగాలి.

మా ఆవిడ పాలు పెట్టింది. పొంగు రాబోతుండగా సెలవులకు వచ్చిన కుర్రాళ్ల అద్దె పడవ ఒకటి రయ్యిమని పోయింది. ఈ కాలువలో గంటకు 4 మైళ్లు మించకూడదు, కట్టేసి ఉన్న పడవల పక్కన ఇంకా తగ్గాలి. వాళ్లు తగ్గలేదు. అలా పోతే కాలువలో నీళ్లన్నీ ఒక్కసారి ఈడ్చుకుపోతాయి. మా మోకులు బిగిశాయి, వానకు నానిన గట్టులోంచి ముందు మేకు ముల్లంగి దుంపలా ఊడివచ్చింది. పాలు ఎనిమిది దిక్కులకూ పొంగాయి. పడవ ముక్కు మెల్లగా కాలువకు అడ్డం తిరిగింది. అక్కడ కాలువ వెడల్పు నలభై అడుగులు, పడవ 57. లెక్కలు వచ్చినవారు చెప్పగలరు, దాదాపు నలభై అయిదు డిగ్రీలు తిరిగాక ముక్కు అవతలి గట్టుకు గుచ్చుకుంది. అటు మూడు పడవలు, ఇటు రెండు ఆగిపోయి హారన్లు మోగిస్తున్నాయి. నేను వెనక చుక్కాని పట్టుకుని, రాని ఇంగ్లీషులో వచ్చిన క్షమాపణలన్నీ చెబుతున్నాను. మా ఆవిడ చేతిలో ఫోను తిరగబడి ద్వారంలోంచి ఎండ కనిపించింది కాబోలు, సిద్ధాంతిగారి గొంతు ఖంగుమంది:

"ఆఁ! ఇప్పుడు తూర్పు! అదేనమ్మా, ఇక కదపకండి!"

కదపకండి. ఈ మాట మావాళ్లందరికీ ఇష్టం. మా అబ్బాయిదీ ఇదే మాట: "నాన్నా, ఇక ఒకచోట ఉండండి. చలికాలం ఎలా గడుపుతారు?" మా పొయ్యి వెనక గిన్నె పెడితే మంచు కురిసే రాత్రయినా తెల్లవారేసరికి ఇడ్లీ పిండి మూత లేపుతుంది. రాత్రి పదింటికే హీటరు ఆపేసే వాడింట్లో రెండు రోజులైనా పులవదు. ఈ సంగతి చెబితే కోడలు నొచ్చుకుంటుందని చెప్పలేదు.

చుట్టాల గోల ఇలా ఉంటే, కాలువలను చూసుకునే కార్యాలయం వారిది సరిగ్గా తిరగేసిన గోల: "ఎందుకు కదలడం లేదు?" మాలాగా సొంత రేవు లేని పడవలు ఒకచోట 14 రోజులకు మించి ఉండకూడదన్నది 1995 నాటి చట్టం. మంచిదే, నేనేమీ అనను. కానీ అదే వాక్యంలో "లేదా పరిస్థితులను బట్టి సమంజసమైనంత ఎక్కువ కాలం" అని కూడా రాశారు. మా పక్క పడవలో డెబ్బై ఎనిమిదేళ్ల ముసలావిడ ఉంది. మేం వచ్చిన మొదటి చలికాలం, రాత్రంతా నిప్పు ఆరకుండా బొగ్గు ఎలా కప్పాలో మా ఆవిడకు మోకాళ్ల మీద కూర్చుని నేర్పింది. ఇప్పుడు తుంటికి శస్త్రచికిత్స అయింది, కర్ర లేకుండా లేవలేదు. ఆవిడకు ఉత్తరం వచ్చింది, తగినంత దూరం కదలలేదని. ఆసుపత్రి కాగితం పంపింది. మళ్లీ ఉత్తరం వచ్చింది, ఇంకో కాగితం పంపమని. ఎవరయ్యా మీరు? లాకు తలుపు దూలాన్ని ఎప్పుడైనా వీపుతో నెట్టారా? కుట్లు ఆరని తుంటితో, తడి గట్టు మీద, మోకు పట్టుకుని ఒక్క అడుగు వేసి చూపండి, ఆ తర్వాత సమంజసం అంటే ఏమిటో మాట్లాడదాం. నలభై ఏళ్లుగా ఈ కాలువ మీద బతికిన మనిషి ఆ ఉత్తరాన్ని నా చేతికిచ్చి "దీని అర్థం నన్ను వెళ్లిపొమ్మనా?" అని అడిగింది. నాకు ఇంగ్లీషు రాక కాదు, జవాబు చెప్పలేకపోయాను.

గురువారం ఆవిడ పడవను మేమే కదుపుతున్నాం. నేను, మా ఆవిడ, బొగ్గు అమ్మే పడవాయన, వెనక పడవలోని రిటైరైన మాస్టారు. నలుగురి వయసు కలిపితే రెండువందల ఎనభై దాటుతుంది, పనికొచ్చే మోకాళ్లు మూడు. రెండు లాకులు దాటించాలి. ఆవిడ చుక్కాని దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని మమ్మల్ని తిడుతూ ఉంటుంది, అలాగని ఒప్పందం.

కబురు తెలిసి బావమరిది పన్నెండోసారి ఫోను చేశాడు. గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలమట, ఆ వేళ పడవ విప్పవద్దన్నాడు. మాస్టారు భోజనం చేసి వచ్చేసరికి ఎలాగూ ఒకటిన్నర అవుతుంది.